ఆ పొడుగు కోటు ఎవరిది?

"నీలం గేటు" సీరియల్లో డాక్టరమ్మని మాయం చేసిందెవరో మా అత్తయ్యకి తెలుసు. ఆఖరి ఎపిసోడ్ వచ్చేదాకా చచ్చినా చెప్పనని భీష్మించుకు కూర్చుంది. తీరా ఆఖరి సీజను మొదలవబోతుండగా, ఎండలు దిగుతున్న రోజుల్లో, పక్షవాతం వచ్చి ఆవిడ మాట కాస్తా పడిపోయింది.

మాది కుట్టుపని కొట్టు. ముందు గదిలో కొట్టు, వెనక గదుల్లో కాపురం. ఈ రోజుల్లో కొలతలిచ్చి కొత్తవి కుట్టించుకునేదెవరు? రెడీమేడ్ కోట్లూ ప్యాంట్లూ కొనుక్కొచ్చి, చేతులు పొడుగయ్యాయనో నడుము బిగుతయిందనో మా ముఖాన పడేస్తారు. వాటిని సరిచెయ్యడమే మా పని. కత్తెర, మిషన్ అత్తయ్యవి. చేతికుట్టు, ఇస్త్రీ, కస్టమర్లతో గొడవ నావి. ఆవిడ మిషన్ ముందు కూర్చుందంటే భోజనానికి పిలిచినా లేచేది కాదు. పని మీద ఇంత ప్రాణం పెట్టుకున్న మనిషిని నేనెక్కడా చూడలేదని వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేదాన్ని.

గోడకి తగిలించిన చిన్న టీవీలో ఆవిడ చూసేది ఆ ఒక్క సీరియలే. మిగతావన్నీ ఏడుపుగొట్టువని కొట్టిపారేసేది. కథేంటంటే, నీలం గేటున్న ఒక పాత ఇల్లు. మేడ మీద అద్దెకుండే డాక్టరమ్మ ఒక సాయంత్రం కనిపించకుండా పోతుంది. ఇంటాయన, ఆయన చెల్లెలు, తోటమాలి, ఈ ముగ్గురిలో ఎవర్ని చూసినా అనుమానమే. మొట్టమొదటి ఎపిసోడ్లో పొడుగు కోటు వేసుకున్న మనిషెవరో మెట్లు దిగుతూ కనిపిస్తారు. మెడ దగ్గర్నుంచి మోకాళ్ళ దాకానే చూపించారు, ముఖం చూపించలేదు. ఆ కోటు ఎవరిది? డాక్టరమ్మ కుక్కకి రోజూ తిండి పెడుతున్నదెవరు? తాళం వేసిన మేడ మీద కుళాయి తిప్పుతున్నదెవరు? ఏళ్ళ తరబడి నడిచిన సీరియల్లో ఒక్కదానికీ జవాబు చెప్పలేదు.

పక్క కొట్టు కళ్ళజోళ్ళాయనకి ఈ సీరియల్ పిచ్చి మా అత్తయ్య కంటే ఎక్కువ. ఫోన్లో ఫ్యాన్స్ గ్రూపు నడుపుతాడు. రోజుకో కొత్త థియరీ మోసుకొచ్చి మా కొట్టు గుమ్మంలో దించుతాడు. అత్తయ్యకి జవాబు తెలుసని విన్నప్పట్నుంచీ ఆయనకి తిండి సయించడం మానేసింది. పేరు చెప్పకపోతే మానె, మొదటి అక్షరమైనా చెప్పమని బతిమాలేవాడు. ఆవిడ తలెత్తకుండా, ఆఖరి ఎపిసోడ్ రోజు చెప్తాలే, అప్పటిదాకా నీ కళ్ళజోళ్ళు నువ్వు తుడుచుకో అనేది.

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక ఆవిడ నోట ఒకే ఒక్క మాట మిగిలింది. "అదే". మంచినీళ్ళు కావాలన్నా అదే, ఫ్యాను తగ్గించమన్నా అదే, కోపం వచ్చినా అదే. గుక్క తిప్పుకోకుండా మాట్లాడే మనిషి అలా ఒక్క మాటలో చిక్కుకుని, కళ్ళతో మమ్మల్ని వెతుక్కునేది. కుడి చెయ్యి కూడా స్వాధీనంలో లేదు.

మొదటి జల్లు పడ్డ రోజు మా బావగారు వచ్చారు. మా ఆయనకి అన్నగారు, లిఫ్టుల కంపెనీలో మేనేజరు. ఏ పనైనా చిటికెలో తేలిపోవాలి ఆయనకి. తడిసిన గొడుగు మూలన పెట్టి, మంచం పక్కన కూర్చుని, "మా ఇంటికి వచ్చేస్తావా అమ్మా" అని అడిగారు. అత్తయ్య తలూపి "అదే" అంది. ఆయన చూశారా అన్నట్టు మా వైపు తిరిగారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేనూ వెళ్ళి వంగి, ఇక్కడే మాతోనే ఉంటారా అత్తయ్యా అని అడిగాను. తలూపి "అదే" అంది. మా ఆయన నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడ్డాడు. నేను ఊరుకోలేదు. రేపట్నుంచి మనిద్దరం విమానం నడుపుదామా అత్తయ్యా అన్నాను. దానికీ తలూపింది.

బావగారు నిట్టూర్చారు. ఇంక అడిగి లాభం లేదని, మనమే ఏదో ఒకటి అనుకోవాలని అన్నారు. వానలు తగ్గగానే తీసుకెళ్తారట. ఆయన ఇల్లు విశాలం, చూసుకోవడానికి మనిషిని పెడతారట. కొట్టు ఎలాగూ ఆవిడ చేతుల మీద నడిచింది కాబట్టి మూసెయ్యడమే మంచిదట. ఈ చివరి మాట మా ఆయన వైపు చూస్తూ అన్నారు తప్ప నా వైపు చూడలేదు. సిటీ బస్సులో కండక్టరుగా ఎంతమందినైనా దబాయించే మా ఆయనకి అన్నగారి ముందు నోరు పెగలదు. నాకు పెగులుతుంది.

"అత్తయ్య చెప్తుంది బావగారూ. నోటితోనే చెప్తుంది. వానలు తగ్గేదాకా ఆగండి. ఆవిడేం చెప్తే అది."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. పోట్లాడతాననుకున్నారేమో, ఇలా అంటాననుకోలేదు. కాసేపు ఆలోచించి, "సరేనమ్మా. కానీ తలూపితే లెక్కలోకి రాదు" అన్నారు. నేనూ అదే అంటున్నానన్నాను. నాకు భయమేం లేదు. నోరు తిరిగితే ఆవిడ ఏం చెప్తుందో నాకు తెలుసు. ఆ మిషన్ని వదిలి ఆవిడ ఎక్కడికీ పోదు. నేను చెయ్యాల్సిందల్లా మాట తెప్పించడమే.

మాట తెప్పించడానికి ఆసుపత్రి నుంచి వారానికోసారి ఒకావిడ వచ్చేది. ఆవిడ ఉద్యోగానికేదో పెద్ద పేరుంది గానీ మాకు నోరు తిరగక మాటల టీచర్ అనేవాళ్ళం. మొదటి రోజు బొమ్మల అట్టలు తెచ్చింది. ఇది పిట్ట, ఇది కుర్చీ. అత్తయ్య ఎడమ చేత్తో అట్టలన్నీ కింద పడేసింది. టీచర్ కోప్పడకుండా అట్టలు ఏరుకుని, ఈవిడ బాగున్న రోజుల్లో దేని గురించి ఎక్కువ పోట్లాడేది అని నన్నడిగింది. సీరియల్ గురించి అన్నాను. అయితే ఇంకేం, పోట్లాడండి అంది.

ఆవిడ చెప్పిన పద్ధతి ఇదీ. కావాలని తప్పు చెప్పాలి. ఒళ్ళు మండి ఆవిడే సరిదిద్దాలి. అవునా కాదా అని అడగకూడదు, తలూపి ఊరుకుంటుంది. ఎవరు, ఎక్కడ, ఎందుకు అని అడగాలి. మనం కోరుకునే జవాబు ప్రశ్నలో దూర్చకూడదు. మాట సగంలో ఆగితే అందించకూడదు. ఎంతసేపైనా సరే, ఆగాలి.

ఇదంతా ఒకెత్తు, ఆగడం ఒకెత్తు. ఇస్త్రీ పెట్టె వేడెక్కేదాకా ఆగలేక నాలుగుసార్లు ముట్టుకుని చూసే రకం నేను. అయినా సరే, పంతం పట్టాను.

ఆఖరి సీజను మొదలైన ఆదివారం సాయంత్రం కళ్ళజోళ్ళాయన తడుస్తూ వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆయనకి విషయం ముందే చెప్పి ఉంచాను. ఎపిసోడ్ అయిపోగానే గొంతు సవరించుకుని థియరీ మొదలుపెట్టాడు. ఇంటాయన చెల్లెలనే మనిషే లేదట. ఆవిడతో ఇంటాయన తప్ప ఇంకెవరూ మాట్లాడరట, అదంతా ఆయన ఊహట. చెల్లెలు మూడో సీజనులో తోటమాలితో అంత గొడవ పడింది కదా, అది ఆయనకీ తెలుసు. అత్తయ్య కళ్ళు ఎర్రబడ్డాయి. అదే, అదే అంటూ మంచం పట్టె మీద అరచేత్తో కొట్టింది. ఎందుకు కాదు అత్తయ్యా అని అడిగి, పెదవులు బిగపట్టి కూర్చున్నాను. మా ఆయన ఏదో అనబోతే కాలితో తన్నాను. టీ చల్లారిపోయింది. వీధిలో వాన పెద్దదై, మళ్ళీ సన్నబడింది.

"కా... కాదు," అంది అత్తయ్య.

కళ్ళజోళ్ళాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నేను వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చి వచ్చాను. వచ్చి, తోటమాలీ ఇంటాయనా కవల పిల్లలేమోనన్నాను.

ఇక ఆ వానాకాలమంతా మా ఇంట్లో అదే పని. గ్రూపులో ఎవరు ఏ పిచ్చి థియరీ రాసినా కళ్ళజోళ్ళాయన మాకు వినిపించేవాడు. డాక్టరమ్మే మారువేషంలో తోటమాలి అయిందని ఒకరు. మేడ మీద కుళాయి తిప్పుతున్నది కుక్కేనని ఇంకొకరు. ఇవి చాలక నేను సొంతంగా అల్లేదాన్ని. డాక్టరమ్మని ఎత్తుకెళ్ళింది పాలవాడే అన్నాను ఒకరోజు. ఆ సీరియల్లో పాలవాడే లేడు. అత్తయ్య నన్ను ఎంత అసహ్యంగా చూసిందంటే, అలా చూసి ఎన్నాళ్ళయిందో అనిపించి నాకు సంతోషం పట్టలేదు. "ఎ... ఎవడు?" అంది. ఆ తర్వాత "పిచ్చి" వచ్చింది. అది నన్ను ఉద్దేశించే. ఆ తర్వాత కుక్క వచ్చింది, చెల్లెలు వచ్చింది, "నోర్ముయ్" వచ్చింది. ఈ చివరిది మాత్రం తడుముకోకుండా, గడగడా వచ్చింది.

కొట్టుకొచ్చే వాళ్ళకి కూడా షరతు పెట్టాను. ప్యాంటు కావాలంటే వెనక గదిలోకి వెళ్ళి పెద్దావిడకి ఒక తప్పుడు థియరీ చెప్పి రావాలి. సీరియల్ చూడని వాళ్ళు మరీ మంచి తప్పులు చెప్పేవాళ్ళు. బ్యాంకులో పనిచేసే పెద్దమనిషి ఒకాయన, ఆ నీలం గేటు దొంగతనం చేసిందెవరండీ అని అడిగి తిట్లు తిని, నవ్వుకుంటూ వెళ్ళాడు.

మా ఆయనతోనే నాకు చిక్కు. తల్లి మాట కోసం తంటాలు పడుతుంటే చూడలేడు. ఆవిడ "కు..." అనగానే కుర్చీనా, కుక్కనా, కుళాయా అని వరసగా అందించేస్తాడు. ఆవిడ అలిసిపోయి దేనికో ఒకదానికి తలూపేస్తుంది. నీకు ప్రేమ ఉంటే నోరు కట్టుకుని కూర్చో, అందించకు అని కసిరేదాన్ని. పాపం, అరచేతులు తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడు, చేతులు కదలకపోతే నోరు కూడా కదలదన్నట్టు.

ఆవిడ మిషన్ని కొట్టులోంచి వెనక గదికి, మంచం పక్కకి జరిపించాను. కళ్ళెదురుగా ఉంటే ఆశ పుడుతుందని. రోజూ మధ్యాహ్నం ఏదో ఒక గుడ్డ ముక్క ఆవిడ చేతిలో పెట్టి, త్వరగా లేవాలి అత్తయ్యా, మీ మిషన్ మీకోసం చూస్తోంది అనేదాన్ని. ఆవిడ గుడ్డ వదిలేసి గోడ వైపు తిరిగి పడుకునేది. బెంగ పెట్టుకుందని నాకు గుండె తరుక్కుపోయేది. మిషన్ని ఇంకాస్త దగ్గరికి జరిపేదాన్ని.

మధ్యలో జ్వరం వచ్చి అంతా మొదటికొచ్చింది. కాదు లేదు, ఎవడు లేదు, నోర్ముయ్ కూడా లేదు. మళ్ళీ అదే, అదే. బావగారు ఫోన్ చేసి, ఎందుకమ్మా ఆవిడ ప్రాణం అలా తోడేస్తావు, వదిలెయ్యి అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, జాలి ఉంది. అది నాకు మరీ కోపం తెప్పించింది. ఇంకా వాన పడుతూనే ఉంది బావగారూ అని ఫోన్ పెట్టేశాను. జ్వరం తగ్గిన రోజే మంచం పక్కన కూర్చుని, పాలవాడి దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాను.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం కళ్ళజోళ్ళాయన మొదటి ఎపిసోడ్ ఫోన్లో తెచ్చి, పొడుగు కోటు మెట్లు దిగే చోట ఆపి, మా ముందు పెట్టాడు. గ్రూపులో దీని మీద కొట్టుకు చస్తున్నారట. నేను నా వంతు తప్పు చెప్పాను. చెప్తున్నప్పుడు అది తప్పని నాకూ తెలియదు. ఇందులో చూసేదేముంది, మగవాళ్ళ కోటు, ఇంటాయనదే అన్నాను.

అత్తయ్య నా వైపు చూసిన చూపు నేను బతికుండగా మర్చిపోను. కుట్టు కొట్టులో ఇన్నేళ్ళు వెలగబెట్టి నువ్వు నేర్చుకున్నది ఇదా అన్నట్టు చూసింది. ఎడమ చెయ్యి చాచి, చేతులు పొట్టి చెయ్యడానికి తెచ్చిన కోటొకటి నా ఒళ్ళోంచి లాక్కుంది. కోటు ముందు భాగం పట్టుకుని ఊపింది.

"గుం..."

మా ఆయన చేతులు తొడల కిందకి పోయాయి. నేను ఆగాను.

"గుండీ," అంది. ఊపిరి పీల్చుకుంది. "గుండీ... ఎడమ."

నేను ఫోన్ లాక్కుని చూశాను. మగవాళ్ళ కోటుకి గుండీలు కుడి పక్క ఉంటాయి, కాజాలు ఎడమ పక్క. ఆడవాళ్ళవి దానికి తిరగేసి ఉంటాయి. రోజూ చేస్తున్న పనే. ఆ మెట్లు దిగుతున్న కోటుకి గుండీలు ఎడమ పక్కనే ఉన్నాయి.

ఆ కోటు వేసుకున్నదెవరు అత్తయ్యా అని అడిగాను. ఈసారి ఎక్కువసేపు పట్టలేదు. "ఆడ... మనిషి. చెల్లెలు." కళ్ళజోళ్ళాయన నోరు వెళ్ళబెట్టాడు. ఇన్నాళ్ళూ ఆవిడ కడుపులో దాచుకున్న రహస్యం ఇదన్నమాట. మా ఆయన తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. కళ్ళజోళ్ళాయన అప్పటికప్పుడు గ్రూపులో పెట్టాడు. దానికి కుట్టు కొట్టు థియరీ అని పేరు పడింది. ముక్కూ మొహం తెలియని వాళ్ళంతా అద్దం ముందు నిలబడి తమ చొక్కాలకి గుండీలు ఎటున్నాయో చూసుకున్నారట. ఆ గ్రూపులో వచ్చిన మెప్పులన్నీ ఆయన ఒక్కొక్కటే చదివి వినిపిస్తుంటే అత్తయ్య ముఖంలో గర్వం చూడాలి.

ఆఖరి ఎపిసోడ్ రోజుకి వాన మబ్బులు పలచబడ్డాయి. మా చిన్న గదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. మాటల టీచర్ కూడా సెలవు రోజని మానకుండా వచ్చింది. చివర్లో తోటమాలి తన పెట్టె తెరిచి, పొడుగు కోటు తీసి, తాపీగా తొడుక్కున్నాడు. గుండీలు కుడి పక్క ఉన్నాయి. డాక్టరమ్మ ఏమైందో తిన్నగా చెప్పలేదు. రైలు కిటికీలో ఎవరో ఒకావిడ తల మాత్రం చూపించారు. కుక్కకి తిండి పెట్టిందెవరో చెప్పనే లేదు. పేర్లు పడిపోయాయి.

ఈ ఓటమితో ఆవిడకి వచ్చిన మాటలన్నీ పోతాయేమోనని భయపడ్డాను. కళ్ళజోళ్ళాయన పిచ్చెత్తినట్టు మొదటి ఎపిసోడ్ మళ్ళీ తీసి, మెట్ల దగ్గర ఆపి, ముక్కు ఫోనుకి ఆనించి చూశాడు. చూసి తల బాదుకున్నాడు. మెట్ల వెనక గోడ మీద గడియారం ఉంది. దాని అంకెలన్నీ తిరగేసి ఉన్నాయి. సీరియల్ తీసినవాళ్ళు ఆ బొమ్మని అద్దంలో చూసినట్టు తిరగేసి వేసేశారు. దాంతో కుడి పక్క గుండీలు ఎడమ పక్కకొచ్చాయి.

మా ఇంట్లో గడియారం వంక చూసిన వాళ్ళెవరూ లేరు. మాకు కనిపించింది గుండీలే. మా సంగతి సరే, కళ్ళజోళ్ళాయన కొట్లో గోడకి తిరగేసిన అక్షరాల అట్టే వేలాడుతూ ఉంటుంది, చూపు పరీక్షకి వచ్చినవాళ్ళు అద్దంలో చూసి చదవడానికి. పొద్దస్తమానం దాని ముందే కూర్చునే మనిషి కూడా మా గుండీల మాయలో పడిపోయాడు. ఆయన ముఖం చూడలేకపోయాం.

అందరం అత్తయ్య వైపు తిరిగాం. ఆవిడ చాలాసేపు టీవీ వంకే చూసి, "తప్పు... నాది కాదు," అంది. మేం ఆగాం. "వాళ్ళది."

అంత పొడుగు మాట అదే మొదలు. ముందు టీచర్ నవ్వింది. తర్వాత అందరం పొట్టలు పట్టుకున్నాం. అత్తయ్య కూడా సగం నోటితో నవ్వింది.

బావగారు వచ్చే రోజు పొద్దున్న మా ఆయన నన్ను పక్కకి పిలిచాడు. "ఇక్కడే ఉంటాను" అనే రెండు మాటలు కాసేపు అమ్మ చేత వల్లె వేయించెయ్యి, అయిపోతుంది అన్నాడు. వాళ్ళన్నయ్య మాట మీద నిలబడే మనిషని, రెండు మాటలు వింటే చాలని అన్నాడు. నాకూ ఆశ పుట్టింది. వల్లె వేయిస్తే అత్తయ్య అనేస్తుంది. కానీ అలాగైతే ఇన్నాళ్ళూ నేను తిన్న తిట్లెందుకు? వద్దన్నాను. ఆవిడేం చెప్తుందో తెలిసినప్పుడు మనం నేర్పడం దేనికి అన్నాను.

బావగారు మంచం పక్కన కుర్చీలో కూర్చున్నారు. ఎండ తీక్షణంగా ఉంది. నువ్వే అడుగమ్మా అన్నారు నాతో. నేను మంచం మీద ఆవిడకెదురుగా కూర్చున్నాను. మీరు మాతోనే కదా అత్తయ్యా అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను.

"అత్తయ్యా, మీరెక్కడ ఉంటారు?"

బావగారు దగ్గబోతే ఉరిమి చూశాను. అత్తయ్య మమ్మల్ని ఒక్కొక్కరినే చూసింది.

"పెద్దాడి... ఇంట్లో."

వానాకాలమంతా అడిగీ అడిగీ అలవాటైన ప్రశ్న నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. "ఎందుకు?"

ఆవిడ మాట కోసం వెతుక్కుంది. నేను ఆగాను. ఈసారి ఆగడం కష్టంగా లేదు, వినాలంటే భయంగా ఉంది.

"అక్కడ... మిషన్ లేదు."

ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడ ఎడమ చేత్తో మంచం పక్కనున్న మిషన్ని చూపించింది. ముఖం చిట్లించి, "ఇష్టం లేదు," అంది. మళ్ళీ కాసేపటికి, "ఎప్పుడూ."

మామయ్య పోయేనాటికి ఈ ఇద్దరు అన్నదమ్ములూ చిన్నపిల్లలు. మిషన్ తప్ప ఇంకో దారి లేక దాని ముందు కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు. భోజనానికి పిలిచినా లేవకపోతే పని మీద ప్రేమ అనుకున్నాం. గోడ వైపు తిరిగితే బెంగ అనుకున్నాను. ఆవిడ చూడలేక మొహం తిప్పుకుంటుంటే నేను దాన్ని రోజూ ఇంకాస్త దగ్గరికి తోశాను.

బావగారు గెలిచినట్టు లేరు. తల దించుకునే, మరి కొట్టు సంగతేంటమ్మా అని తల్లిని అడిగారు.

"అమ్మాయిని... అడుగు," అంది అత్తయ్య.

ఆయన నా వైపు తిరిగి, నువ్వేమంటావమ్మా అన్నారు. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ఆయన నన్నొక సంగతి అడగడం అదే మొదటిసారి. కొట్టు నడుపుతానని, నాకు ఆ పని ఇష్టమని చెప్పాను. ఇష్టం అనే మాట అత్తయ్య వైపు చూడకుండా అన్నాను.

మా ఆయన నా వెనకాలే వంటింట్లోకి వచ్చాడు. అమ్మ కంగారులో ఏదో అనేసిందని, రెండ్రోజులాగి మళ్ళీ అడుగుదామని, ఈసారి ఇంకో రకంగా అడుగుదామని అన్నాడు. అతని కళ్ళ నిండా నీళ్ళే. నా కళ్ళూ అలాగే ఉన్నాయి. అయినా ఒళ్ళు మండింది.

"తలూపితే లెక్కలోకి రాదన్నాం. నోరు విప్పి చెప్పినా రాదంటే, ఆవిడ మాట ఇంకెప్పుడు లెక్కలోకొస్తుంది?"

నేను వెళ్ళి అత్తయ్య బట్టలు సర్దాను. సర్దుతూనే ఆవిడతో చెప్పేశాను, నాకు కోపంగా ఉందని, ఇల్లు ఖాళీ అయిపోతుందని, మీరు ఉంటారనే ఇదంతా చేశానని. దాచుకోవడం నాకు చేతకాదు. ఆవిడ వింటూ నా ముఖమే చూస్తూ కూర్చుంది.

కారు దాకా నేనూ మా ఆయనా చెరో పక్కా పట్టుకుని నడిపించాం. కళ్ళజోళ్ళాయన కొట్టు వదిలి బయటికొచ్చి నిలబడ్డాడు. వెనక సీట్లో కూర్చోబెట్టి నేను తలుపు వెయ్యబోతుంటే ఆవిడ ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకుంది. పెదవులు కదిలాయి.

"ఎవరూ..."

బావగారు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, ఎవరూ బెంగ పెట్టుకోవద్దంటోందమ్మా అన్నారు.

"మీరు ఆగండి బావగారూ," అన్నాను.

ఆయన ఆగారు. మా ఆయన ఆగాడు. వెనక ఏదో బండి హారన్ కొడితే కళ్ళజోళ్ళాయన దానికి అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు. అత్తయ్య కళ్ళు మూసుకుని, తెరిచి, నా వైపే చూస్తూ మొత్తం చెప్పింది.

"ఎవరూ... అడగలేదు. నువ్వు... అడిగావు."